పోయినవి దొరికించే దేవుడు

ఆడవాళ్ళకి ప్రయాణమంటే వంటిల్లు మారటమేనని మా అమ్మ అంటూండేది. పుట్టింటికెళ్ళినా, అత్తింటికెళ్ళినా, తీర్థానికెళ్ళినా చివరికి ఎక్కడో ఓ పొయ్యి ముందు తేలాల్సిందే కదా అని ఆవిడ లెక్క. సముద్రాలు దాటి బోస్టన్‌లో మా చెల్లెలింటికి వెళ్ళినప్పుడు ఆ మాట ఎంత నిజమో నాకు బోధపడింది. దిగిన మర్నాటి నుంచీ గోంగూర ఎక్కడ దొరుకుతుందీ, చింతపండు ఇంత నల్లగా ఎందుకుందీ, ఇదే ధ్యాస. ఊరు చూడాలన్న సంగతే ఇద్దరం మరిచిపోయాం.

చివరికి ఊరు చూడటానికి బయల్దేరింది కూడా సరదాపడి కాదు. చెప్పుకోవటానికి సిగ్గుగానే ఉంది గానీ, ఇంట్లో పోట్లాడుకుని.

పోట్లాట మా బుజ్జి గురించి. చెల్లాయి కూతురు, పదకొండేళ్ళది. నేను విమానం దిగి వచ్చిన రోజున ఎదురొచ్చి, ఎన్నాళ్ళ నుంచి వల్లె వేసుకుందో పాపం, "పెద్దమ్మ వచ్చాడు!" అంది. నాకు నవ్వాగలేదు. నవ్వి ఊరుకున్నానా? ఆ రాత్రే ఇంటికి ఫోన్ చేసి మా వారికి చెప్పి నవ్వించాను. మర్నాడు మా ఆడపడుచుకి చెప్పాను. ఆ తరవాత మా పెద్దక్కకి. పిల్ల పక్కగదిలోనే ఉందన్న ఆలోచన లేకపోయింది. ఆ రోజు నుంచీ బుజ్జి నాతో తెలుగు ముక్క మాట్లాడితే ఒట్టు. నేను తెలుగులో అడగటం, అది ఇంగ్లీషులో జవాబు చెప్పటం. నాలుగు వారాలు అలా గడిచాక ఓ శనివారం రాత్రి అన్నాల దగ్గర నోరు జారాను.

"పిల్లకి తెలుగు రాకుండా పెంచావు. రేపు దీనికి మన ఊరేదో, మన అమ్మ ఎవరో కూడా తెలీదు" అన్నాను.

చెల్లాయి చేతిలో గరిటె కింద పెట్టేసింది. "నువ్వు ఒక్క చలికాలం ఇక్కడుండి మాట్లాడక్కా. ఇది ఒకటో క్లాసులో పులిహోర డబ్బా మూత తీస్తే పక్కపిల్ల ముక్కు మూసుకుందిట. ఇంటికొచ్చి ఒకటే ఏడుపు. మర్నాటి నుంచీ రొట్టెముక్కలు పెట్టిచ్చాను. భాషా అంతే. దానికి బాధ లేనిది ఏదో అదే ఇచ్చాను" అంది.

ఆ తరవాత ఎవరం మాట్లాడలేదు. మా మరిది ఒక్కడే, పెరుగన్నం ఇంత శ్రద్ధగా తినొచ్చునా అన్నట్టు తిని లేచాడు.

ఆదివారం పొద్దున్న సంధి కుదిర్చిందీ ఆయనే. "నార్త్ ఎండ్‌లో ఇటలీ వాళ్ళ జాతర జరుగుతోంది. బుజ్జి ఆ పేట మీద బళ్ళో ప్రాజెక్టు కూడా చేసింది. అదే అన్నీ చూపిస్తుంది, వెళ్ళండి" అని ముగ్గురినీ స్టేషన్ దగ్గర దింపేసి, తను ఇంటికెళ్ళి పడుకున్నాడు. మగవాళ్ళ రాయబారాలు ఇలాగే ఉంటాయి.

హేమార్కెట్ స్టేషన్‌లో రైలు దిగి పైకొస్తే ఎదురుగా పొడుగ్గా ఓ తోట. బుజ్జి బళ్ళో పాఠం అప్పజెప్పే గొంతుతో ఇంగ్లీషులో మొదలెట్టింది. నాకు అందని చోట చెల్లాయి, నా మొహం చూడకుండానే, తెలుగులో చెప్పేది. నేను బి.ఏ.లో షేక్‌స్పియర్ చదువుకున్నదాన్నే గానీ, ఆ చదువు అమెరికాలో కాఫీ కొనుక్కోవటానికి కూడా చాలదు.

ఇప్పుడు తోట ఉన్న చోట 1950లలో స్తంభాల మీద ఎత్తుగా ఓ పెద్ద రోడ్డు కట్టారుట. నార్త్ ఎండ్‌కీ మిగతా ఊరికీ మధ్య అది గోడలా నిలిచింది. ఆ చీకట్లోంచి నడిస్తేగాని ఈ పేటలోకి రాలేరు. తరవాత ఎన్నో ఏళ్ళు పట్టి ఆ రోడ్డుని భూమిలోకి దింపి, పైకట్టడం పీకేసి, 2008లో తోట తెరిచారు. గోడ ఉన్నన్నాళ్ళూ కార్ల రొద, పొగ. కానీ ఆ గోడ చాటునే పేట పేటగా మిగిలింది. పక్కనే వెస్ట్ ఎండ్ అని ఇంకో పేట ఉండేది. అక్కడా ఇటలీ వాళ్ళే ఎక్కువ. అది మురికివాడ అని నిర్ణయించి 1958 నుంచీ కూల్చేశారు. కొన్ని వేల మంది తలో దిక్కూ అయిపోయారు.

నార్త్ ఎండ్‌నీ పెద్దలు మురికివాడగానే లెక్కవేశారు. జేన్ జేకబ్స్ అనే ఆవిడ 1961లో అచ్చయిన 'ది డెత్ అండ్ లైఫ్ ఆఫ్ గ్రేట్ అమెరికన్ సిటీస్' అన్న పుస్తకంలో ఈ పేట సంగతి రాసింది. కాగితాల మీద చూస్తే మురికివాడే. వెళ్ళి చూస్తే ఇళ్ళకి కొత్త సున్నాలూ రంగులూ, వీధుల్లో పిల్లల ఆటలూ, కబుర్లూ. బాంకులు ఈ పేటకి అప్పులివ్వటానికి వెనకాడితే వాళ్ళే ఒకరికొకరు సాయపడి బాగుచేసుకున్నారు. పనివచ్చినవాడు తన పని ఇచ్చి అవతలివాడి పని పుచ్చుకునేవాడు. మన పల్లెటూళ్ళలో నాట్లకి ఒకరి పొలానికి ఒకరు బదులు వెళ్తారే, అలాగన్నమాట.

తోట దాటి హానోవర్ వీధిలో అడుగు పెట్టేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. అమెరికా వచ్చిన ఇన్నాళ్ళకి వీధిలో మనుషులు కనిపించారు! చెల్లాయి వాళ్ళ వైపు పచ్చగడ్డీ, కార్లూ తప్ప మనిషి అలికిడే ఉండదు. ఇక్కడ నాలుగైదంతస్తుల ఎర్ర ఇటుక మేడలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. సందుల్లోకి తిరిగితే ఎదురింటి కిటికీలోంచి ఉప్పు అడిగి పుచ్చుకోవచ్చు. మేడల ముందు ఇనప మెట్లు, వాటి మీద పూలకుండీలు. కాఫీ గింజలు వేగుతున్న వాసన, వెల్లుల్లి వాసన, వేడి రొట్టె వాసన. అరుగు లేదు కాబట్టి మడత కుర్చీ తెచ్చుకుని పేవ్‌మెంటు మీద కూచున్న ముసలమ్మలు. అరుగు కాకపోతే ఏం, అవే చూపులు! నా చీర అంచు దగ్గర నుంచి చెప్పుల దాకా ఒక్కసారి చూసి, తమలో తాము ఏదో అనుకున్నారు. భాష తెలియకపోయినా ఆ అనుకోవటం ఏమిటో తెలీదూ!

ఇటలీ వాళ్ళ పేట అన్నమాటే గానీ, ఇది మొదటి నుంచీ వాళ్ళది కాదు. నార్త్ స్క్వేర్‌లో దాదాపు 1680లో కట్టిన ఓ చెక్కింటిని బుజ్జి చూపించింది. అమెరికా స్వాతంత్ర్యం కోసం 1775లో అర్ధరాత్రి గుర్రమెక్కి కబురు మోసిన పాల్ రివీర్ ఇల్లు. ఆయన తరవాత అది అద్దెకొంపయింది. కింద కొట్లు, పైన కాపురాలు. 1840ల్లో బంగాళాదుంపల కరువుకి తాళలేక ఐర్లండ్ వాళ్ళు ఈ పేటలో దిగారు. ప్రెసిడెంటు కెన్నెడీ తల్లి రోజ్ 1890లో పుట్టింది ఈ పక్క వీధిలోనే. వాళ్ళు కాస్త నిలదొక్కుకుని వెళ్ళిపోతుంటే యూదులు వచ్చారు. వాళ్ళ వెనకాలే ఇటలీ దక్షిణాది నుంచి, సిసిలీ ద్వీపం నుంచి రైతులూ, జాలర్లూ, కూలీలూ ఓడలెక్కి వచ్చారు. రివీర్ ఇంటి కింది కొట్లల్లో ఇటలీ పచారీ కొట్టూ, ఇటలీ వాళ్ళ బాంకూ కూడా నడిచాయి. తరవాత, 1908లో, దాన్ని బాగుచేసి చూడొచ్చేవాళ్ళకి తెరిచారు. 1930 నాటికి ఈ చిన్న పేటలో 40 వేల మందికి పైగా ఉండేవారు, దాదాపు అందరూ ఇటలీ వాళ్ళే. ఇప్పుడు అందులో నాలుగోవంతు జనం ఉన్నారేమో, వాళ్ళలోనూ ఇటలీ పేర్లవాళ్ళు తక్కువే.

"అంటే ఇది సత్రం లాంటిదన్నమాట" అన్నాను.

"సత్రంలో అద్దెలుండవుగా" అంది చెల్లాయి. నిన్న రాత్రి నుంచి నాతో అన్న మొదటి మాట అదే.

సముద్రం వైపు దిగితే ఓ ఆటస్థలం. పిల్లలు బంతాడుకుంటున్నారు. అక్కడ చిన్న పలక ఉంది, వంగితేగాని కనపడదు. 1919 జనవరి 15న ఇక్కడ పెద్ద ఇనప ట్యాంకు పగిలింది. అందులో ఉన్నది నీళ్ళూ కాదు, నూనే కాదు, 23 లక్షల గ్యాలన్ల మొలాసిస్. చక్కెర తీశాక మిగిలే మడ్డి పాకం. మేడ ఎత్తున కెరటం లేచి, ఇళ్ళనీ గుర్రాలనీ మనుషులనీ ముంచేసింది. 21 మంది పోయారు, 150 మంది దెబ్బలు తిన్నారు. పోయినవాళ్ళలో అక్కడ పొయ్యిలోకి పుల్లలు ఏరుకుంటున్న పదేళ్ళ పిల్లలున్నారు. ట్యాంకు ముందు నుంచీ కారుతూనే ఉండేదిట. కారేది కనపడకుండా దానికి మట్టిరంగు వేశారుట. అంత పెద్ద ట్యాంకుని ఇళ్ళ మధ్య ఎందుకు పెట్టారూ అంటే, ఆ ఇళ్ళలో ఉన్నవాళ్ళలో చాలామందికి ఓటు లేదు, అడిగే భాషా లేదు. తీపి వస్తువు ప్రాణం తీయటమేమిటో అని ఆ పలక ముందు నిలబడిపోయాను. చెల్లాయి బుజ్జి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

భాష రాకపోతే ఏమవుతుందో హానోవర్ వీధి ఇంకో కథ కూడా చెబుతుంది. ఇటలీ నుంచి వచ్చిన సాకో, వాంజెట్టి అనే ఇద్దర్ని హత్యానేరం మీద పట్టుకుని, 1927 ఆగస్టు 23న కరెంటు కుర్చీలో చంపారు. వాళ్ళ శవయాత్ర ఈ వీధి నుంచే బయల్దేరింది. వాళ్ళకి న్యాయమైన విచారణ జరగలేదని ఆ రాష్ట్ర గవర్నరు ప్రకటించేసరికి 1977 వచ్చింది. యాభై ఏళ్ళు!

నా మొహం చూసి జాలేసిందో ఏమో, బుజ్జి నన్ను గుట్ట మీదికి, హల్ వీధికి లాక్కుపోయింది. ఇది తన ప్రాజెక్టులో తనకి బాగా నచ్చిన భాగమట. చదువుకుంటూ మీరూ సంతోషిస్తారనే రాస్తున్నాను. 1899లో ఈడిత్ గెరియర్ అనే లైబ్రేరియన్ ఈ పేట ఆడపిల్లల కోసం పుస్తకాల క్లబ్బు పెట్టింది. ఇటలీ పిల్లలు, యూదు పిల్లలు. ఇంటి దగ్గర బట్టలు కుట్టాలి, తమ్ముళ్ళని మొయ్యాలి, పద్నాలుగేళ్ళు రాగానే ఫ్యాక్టరీకి వెళ్ళాలి. వాళ్ళకి తీరిక దొరికేది శనివారం సాయంత్రమే. అందుకని క్లబ్బు పేరు కూడా 'శనివారం సాయంత్రం అమ్మాయిలు'. పుస్తకాలు చదివితే పొట్ట నిండదు కదా! అందుకని కొన్నాళ్ళకి కుండల కొలిమి పెట్టారు. హెలెన్ స్టారో అనే ధనవంతురాలు 1908లో ఈ హల్ వీధిలో ఇల్లు కొనిచ్చింది. అమ్మాయిలు పింగాణీ గిన్నెల మీద బాతులూ, కోళ్ళూ, కుందేళ్ళూ, పూలూ వేసేవారు. చంటిపిల్లల పాలగిన్నెల మీద ఆ పిల్లల పేర్లు రాసిచ్చేవారు. వాళ్ళు రంగులద్దుతుంటే ఒకరు కూచుని పుస్తకం చదివి వినిపించేవారుట. ఆ కుండల పని 1942 దాకా సాగింది. ఇప్పుడు ఆ గిన్నెలు పాతవస్తువుల వేలంలో వేల డాలర్లు పలుకుతాయి.

చేతులు పనిలో, చెవులు కథలో! మధ్యాహ్నం పూట అప్పడాలు వత్తుకుంటూ, ఒకరు సీరియల్ నవల పైకి చదువుతుంటే వినే మన వాడకట్టు ఆడవాళ్ళు గుర్తొచ్చి, ఆ మాట చెల్లాయితో అన్నాను. "అమ్మ చదువుతుంటే మనం అప్పడాలు దొంగిలించేవాళ్ళం" అంది చెల్లాయి, కాస్త నవ్వుతూ.

ఒంటిగంటయింది. ఆకలి దంచేస్తోంది. ఓ హోటలు ముందు నల్లబల్ల మీద సుద్దతో ఆనాటి వంటకాలు రాసి ఉన్నాయి. మాంసం లేనిదేమిటా అని వెతికి, బంగాళాదుంపలతో చేసేది ఒకటి కనిపిస్తే దాని పేరు పైకి చదివాను. "గ్నోచ్చి" అన్నాను, అక్షరం పొల్లుపోకుండా.

బుజ్జి పకపకా నవ్వింది. కడుపు పట్టుకుని నవ్వింది. నాలుగు వారాల్లో నా ఎదట అది నవ్వటం అదే మొదలు. చెల్లాయీ నవ్వింది. లోపలికి వెళ్తున్న జంట ఒకటి వెనక్కి తిరిగి చూసింది. నా చెవులు వేడెక్కాయి. నలభై దాటినదాన్ని, నాలుగు పుస్తకాలు రాసినదాన్ని, సుద్దముక్కతో రాసిన ఒక్క మాట ముందు ఓడిపోయినట్టు నిలబడ్డాను. ఇంక ఈ దేశంలో ఏ బోర్డూ పైకి చదవకూడదనుకున్నాను. అనుకున్న మరుక్షణం ఎవరో వీపు మీద చరిచినట్టయింది. 'పెద్దమ్మ వచ్చాడు' అన్న రోజున ఆ పసిదాని చెవులూ ఇలాగే వేడెక్కి ఉంటాయి కదా!

పక్కనే మడత కుర్చీలో కూచున్న ముసలావిడ నవ్వలేదు. "న్యోకీ" అంది నెమ్మదిగా. "ముందున్న అక్షరం ఉందే, అది ఊరికే చూడ్డానికి నిలబడింది, పట్టించుకోకు. ఏదీ, అను." అన్నాను. "బావుంది" అంది. రెండోసారి కూడా సరిగ్గా అనలేదని నాకు తెలుసు. అయినా బావుందనే అంది.

అలా మాట కలిసింది. ఆవిడ పుట్టింది ఇక్కడే. ఉండేది ఇప్పుడు ఊరి చివర, కొడుకు దగ్గర. జాతరకి మాత్రం ఏటా వచ్చి, తను పుట్టిన మేడ ముందు కుర్చీ వేసుకుని కూచుంటుందిట. వాళ్ళ నాన్నమ్మ, ఆవిణ్ణి నోన్నా అంటారు, అవెల్లీనో దగ్గర పల్లెటూరు నుంచి వచ్చి యాభై ఏళ్ళు ఇదే వీధిలో బతికి, ఇంగ్లీషు ముక్క నేర్చుకోకుండానే పోయింది. అవసరం పడలేదట. కూరలవాడూ, డాక్టరూ, ఫాదిరీ, అందరూ తనవాళ్ళే. తల్లికి రెండు భాషలూ వచ్చు. కానీ పిల్లలతో ఇంగ్లీషే మాట్లాడింది. బళ్ళో వెల్లుల్లి వాసన అని వెక్కిరించేవారుట. వాళ్ళమ్మ మిరపకాయా గుడ్డూ పెట్టి కట్టిచ్చిన రొట్టెని కాగితం సంచి చాటున దాచుకుని తినేదిట ఈవిడ.

చెల్లాయి అనువాదం చెప్పటం ఆపేసింది. చెప్పక్కర్లేదు, నాకు అర్థమైందని తనకీ తెలుసు.

"మరి మీకు ఇటలీ భాష వచ్చా?" అని అడిగాను.

"ప్రార్థనలొచ్చు, తిట్లొచ్చు, తిండి పేర్లొచ్చు" అని వేళ్ళు మడిచింది. "చిన్నప్పుడు మాట్లాడబోయేదాన్ని. తప్పు మాట్లాడితే మా నోన్నా, మా అత్తలూ గొల్లున నవ్వేవారు. ప్రేమగానే నవ్వేవారు పాపం. కానీ నేను మానేశాను. ఇప్పుడు మా మనవరాలు కాలేజీలో ఫీజు కట్టి నేర్చుకుంటోంది. మా నోన్నా ఊరికే ఇస్తే పుచ్చుకున్నవాళ్ళు లేరు! అదైనా మా భాష కాదు, పుస్తకాల భాష. మేం రిగోట్ అంటాం, అది రికోటా అని నన్ను దిద్దుతుంది."

ప్రేమగానే నవ్వేవారు. ఆ మాట నాకు ముల్లులా దిగింది. భాష పోతోందని వ్యాసాలు రాస్తాం, సభల్లో మాట్లాడతాం. నోరు తెరిచిన పిల్లని చూసి నవ్వి, ఆ నోరు మూసేది కూడా మనమే. పైగా తల్లిని నిలదీస్తాం. ఆ తల్లి ఏ చలికాలంలో, ఏ ఏడుపు చూసి, ఏది వదులుకుందో అడగం.

ఇంతలో బ్యాండు మోగింది. ముసలావిడ లేచి నిలబడి సిలువ గుర్తు వేసుకుంది. వీధి మలుపు తిరిగి దేవుడొస్తున్నాడు. సెయింట్ ఆంథొనీ. చేతిలో బాల ఏసు. మోంటెఫాల్చోనే అనే ఊరి నుంచి వచ్చినవాళ్ళు తమ ఊరి దేవుడికి 1919 నుంచీ ఇక్కడ ఏటా ఆగస్టు చివర ఈ ఉత్సవం చేస్తున్నారు. మడ్డిపాకం ముంచెత్తిన ఏడాదే మొదలైందన్నమాట. మన ఉత్సవమూర్తిలాగే భుజాల మీద మోస్తున్నారు. ఇంటింటి ముందూ ఆగుతున్నాడు. మేడ మీది కిటికీల్లోంచి రంగుకాగితాల ముక్కలు పూలవానలా పడుతున్నాయి. విగ్రహం నుంచి వేలాడే రిబ్బన్లకి జనం డాలరు నోట్లు గుచ్చుతున్నారు. అచ్చం మన నోట్లదండ! మధ్యాహ్నం బయల్దేరితే రాత్రి దాకా తిరుగుతాడుట. మోసేవాళ్ళలో కుర్రాళ్ళున్నారు. వాళ్ళెవరూ ఇక్కడ ఉండరు, ఇటలీ మాటలూ పెద్దగా రావు. అయినా ఎక్కడెక్కడి నుంచో వచ్చి, తాతల భుజాల మీది దేవుణ్ణి అందుకున్నారు.

"ఈ దేవుడు పోయిన వస్తువులు దొరికిస్తాడు" అంది ముసలావిడ. ఉంగరాలూ తాళంచెవులూ ఏవి పోయినా ఆయన్నే తలుచుకుంటారుట. మనింట్లో ఏదైనా కనపడకపోతే కార్తవీర్యార్జునుణ్ణి తలుచుకోమంటారే, ఆయన కొలువన్నమాట ఈయనది. నేనూ ఓ డాలరు తీసి రిబ్బనుకి గుచ్చాను. ఏం పోయిందని అడగలేదు చెల్లాయి. నేనూ చెప్పలేదు.

జాతర చూసి ప్రిన్స్ వీధి మెట్ల మీద కూచుని, దారంతో కట్టిన డబ్బా విప్పి, కనోలీ తిన్నాం. గొట్టంలా చుట్టి నూనెలో వేయించి, లోపల తియ్యటి జున్నులాంటిది కూరతారు. మన కజ్జికాయకి దూరపు చుట్టం. తింటూ ఆలోచిస్తుంటే ఇంకో సంగతి తోచింది. మొదటి యుద్ధానికి ముందు కొన్ని సంవత్సరాల్లో ఏడాదికి 2 లక్షల మందికి పైగా ఇటలీ నుంచి ఈ దేశం వచ్చారు. 1924లో చట్టం చేసి, ఇటలీ వాళ్ళు ఏడాదికి 3,845 మంది చాలన్నారు. మన దేశం వాళ్ళకైతే 1917 నుంచే తలుపు మూసేశారు. మళ్ళీ 1965లో చట్టం మార్చాకే దేశాన్ని బట్టి కోటాలు పోయి, మన డాక్టర్లూ ఇంజనీర్లూ రావటం సాగింది. మా చెల్లాయి వచ్చింది ఎంత తరవాతైనా, ఆ తలుపులోంచే. అంటే మేం కూచున్న మెట్టు మీద ఇదివరకు కూచున్నవాళ్ళు పరాయివాళ్ళేం కాదు, మాకన్నా ముందు ఓడ దిగినవాళ్ళు.

బుజ్జి ఫోన్‌లో ఓ పాత ప్రకటన చూపించింది. 1969లో టీవీలో వచ్చిందిట. ఈ వీధి పేరే పెట్టుకుని 1912లో ఇక్కడే మొదలైన ప్రిన్స్ అనే స్పగెట్టీ కంపెనీది. కిటికీలోంచి ఓ తల్లి వంగి "ఆంథొనీ!" అని సాగదీసి కేకేస్తుంది. పన్నెండేళ్ళ కుర్రాడు ఈ సందులన్నీ దాటుకుంటూ ఇంటికి పరిగెడతాడు. అంతే ప్రకటన. ఆ కుర్రాడు ఇటలీలో పుట్టి చిన్నప్పుడే ఇక్కడికి వచ్చినవాడు. 2020లో కాలం చేశాడు. అతనికి ఎంత వయసొచ్చినా ఈ ఊళ్ళో జనం ఆ కేకతోనే పలకరించేవారుట.

తల్లి పిలిస్తే పరిగెత్తేవాడు, ఏ భాషలో పిలిచిందని చూసుకోడు. అది అన్నానికి పిలుపని తెలిస్తే చాలు. మనం చెయ్యాల్సింది కిటికీ తెరిచి ఉంచటమే కాబోలు.

"బుజ్జీ" అన్నాను. "ఆ రోజు నువ్వు తెలుగు మాట్లాడితే నవ్వాను. తప్పు నాదే. ఇంకెప్పుడూ నవ్వను."

అది కనోలీ నములుతూ చాలాసేపు ఆలోచించింది. వేలికంటిన పంచదార నాకింది. తరవాత వాళ్ళమ్మ వైపు ఓసారి చూసి, నెమ్మదిగా, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ అంది.

"పెద్దమ్మ గ్నోచ్చి అన్నాడు. బుజ్జి నవ్వాడు. ఈక్వల్."

నవ్వు గొంతు దాకా వచ్చింది. ఒట్టు, నవ్వలేదు. "సరే, ఈక్వల్" అన్నాను. చెల్లాయి మాత్రం మొహం అటు తిప్పుకుని కొంగు లేదు కాబట్టి కాగితం రుమాలుతో కళ్ళు తుడుచుకుంది. రైలెక్కాక, "అక్కా, రేపు పులిహోర కలుపుదామా? నీ చేత్తో పోపు పెట్టు, దీని డబ్బాలో కూడా పెడదాం. తింటే తింటుంది" అంది. నల్లటి చింతపండు సంగతి ఈసారి నేను ఎత్తలేదు.

నేను తిరిగొచ్చి కొన్ని నెలలైంది. ఆదివారం ఆదివారం బుజ్జి ఫోన్ చేస్తుంది. "పెద్దమ్మా, అన్నం తిన్నాడా?" అని అడుగుతుంది.

మొన్న మా వారు పక్కనుంచి "తిన్నాడా కాదమ్మా..." అని దిద్దబోయారు. నేను పెదవి మీద వేలు పెట్టి ఆయన్ని ఆపేశాను.

"తిన్నాను తల్లీ. మరి నువ్వో?" అన్నాను.